అందరం ఐదే వేశాం

విరుదునగర్
మార్చి 4

చిన్నమ్మకు మారీశ్వరి నమస్కారాలు.

నీ ఫోన్ పగలంతా ఆఫీసు గేటు దగ్గర పెట్టెలో ఉంటుంది, సాయంత్రమైతే ఆండి చిన్నాయన చేతికి పోతుంది. నీతో నాలుగు మాటలు సొంతంగా చెప్పుకోవాలంటే ఇక ఉత్తరమే దారి. మన తమిళ ఊళ్ళో ఇంకా తెలుగు బడి ఉన్న రోజుల్లో నువ్వు చదివింది ఐదో తరగతే అయినా, ఆ చదువంతా అగ్గిపెట్టె లేబుళ్ళ వెనక రాసి నాకు నేర్పావు. ఒత్తులు తప్పితే నవ్వుకో. చిన్నాయనకు మాత్రం చూపించకు.

నా సర్వే ఫలితాలు వచ్చాయి. ఫిబ్రవరిలో మీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి, మనం ఆఫీసు అనేదానికి, కాగితాల కట్ట పట్టుకుని వచ్చాను కదా, ముప్పై వాక్యాలు, ఒక్కోదాని పక్కన ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. ఆ మాట అస్సలు నిజం కాకపోతే ఒకటి, పూర్తిగా నిజమైతే ఐదు. మీ ప్యాకింగు హాల్లో యాభై రెండు మంది ఆడవాళ్ళూ దాదాపు అన్నింటికీ ఐదే వేశారు. నా గైడ్ మేడమ్ రెండుసార్లు కూడించి చూసుకుంది. "పనిచోట క్షేమం, అధికార సంబంధాలు అని పేరు పెట్టుకుని ఆరేళ్ళుగా తిరుగుతున్నాం, ఇంత తృప్తిగా పనిచేసే చోటు చూడలేదు" అన్నది. నాలుగు పేజీల రిపోర్టు చేసి, కాలేజీ ముద్ర వేసి, ఆఫీసు సొంతదారు, మీ మొదలాళి హరికృష్ణన్‌గారికి ఒక ప్రతి పంపింది కూడా.

జూన్‌లో థీసిస్ ఇస్తాను. ఆ తర్వాత నా పేరు ముందు డాక్టర్ అని పడుతుంది. లేబుళ్ళు అంటించిన అమ్మకు పుట్టిన పిల్ల డాక్టరవడం మన వీధిలో ఇదే మొదలు. నువ్వు పంపిన వేరుశెనగ కడలై మిఠాయి హాస్టల్లో ఒక్క రోజు కూడా నిలవలేదు.

నీ మారి


కోవిల్‌పట్టి
మార్చి 11

మా మారికి చిన్నమ్మ పొన్నుతాయి దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కుళాయి దగ్గర అందరికీ చెప్పాను. అంతా బాగానే రాశావు గాని అసలు మాట రాయలేదేమే? నీకు ఎన్ని మార్కులు వచ్చాయి? పాసయినట్టేనా?

మేం పడిన పాటు నీకు తెలియదు. నువ్వు కాగితాలు పంచి, "ఇది నా చదువు కోసం అక్కా, చూసి వేయండి" అని బయటికి వెళ్ళావు. పాల్‌పాండి మేస్త్రి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా పక్కన సుబ్బులక్ష్మి ఉంది కదా, గాలి వీచినా ఉలిక్కిపడే మనిషి, ఆమె పెన్ను పట్టుకుని ఒకచోట ఆగిపోయింది.

"అక్కా, మేస్త్రి నాతో మర్యాదగా మాట్లాడతాడు అని ఉండాది. దీనికి ఎట్లా ఐదేసేది? నిన్నగూడ ఎరుమై, బర్రె అని తిట్టినాడే."

"వెయ్యవే. అది మేస్త్రికి గాదు, మన పాపకు వేసే మార్కు. నువ్వు రెండేస్తే పాప ఫెయిలవుతాది" అన్నాను నేను.

ఆ మాట వరసంతా పాకింది. అవతలి వరసలో సుగన్య అప్పటికే ఒకచోట మూడు వేసి, కొట్టేసి, ఐదు దిద్దింది. ఎవరి పాప అయితేనేం, మన తెలుగు మాట్లాడే పిల్ల, మన కళ్ళ ముందు పెరిగిన పిల్ల, మన చేతి మీదుగా తప్పిపోవడమా? చదవడం రాని ఇద్దరు ముసలమ్మలు వాక్యాలేమిటో కూడా అడగలేదు. "ఐదు ఎట్లుంటాదో చూపీ" అన్నారు, పైనుంచి కిందదాకా దిద్దుకుంటూ పోయారు.

కాబట్టి నీ డాక్టరు పట్టంలో యాభై రెండు మందికి వాటా ఉంది. పట్టం పుచ్చుకునే రోజు మమ్మల్నందరినీ బస్సు ఎక్కించాలి.

చిన్నమ్మ


విరుదునగర్
మార్చి 17

చిన్నమ్మకు,

నీ ఉత్తరం చదువుతూ నవ్వాను. రెండో పేజీకి వచ్చేసరికి నవ్వు పోయింది.

అది పరీక్ష కాదు చిన్నమ్మా. ఆ అంకెలు నాకు వేసే మార్కులు కావు. మీకు అక్కడ ఎలా ఉందో మీరు నాకు చెప్పడం. వివరంగా చెప్పాననే అనుకున్నాను. "నా చదువు కోసం" అని ఒక్క మాట అని వెళ్ళిపోయానని ఇప్పుడు తెలుస్తోంది. తలుపు దగ్గర మేస్త్రి కూర్చున్నాడని కూడా నాకు తెలియదు. ఆ సమయంలో మొదలాళి నన్ను గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పిస్తూ, "మనమంతా ఒకే మాట మాట్లాడే జనం" అని కబుర్లు చెబుతున్నారు.

అయినా ఇప్పుడు రిపోర్టు వెళ్ళిపోయింది. జూన్ దాకా ఈ మార్కుల సంగతి ఎవరితోనూ అనకు. నీకు దణ్ణం పెడతాను. ఆరేళ్ళ పని. తర్వాత ఏదైనా చేద్దాం.

మారి


కోవిల్‌పట్టి
ఏప్రిల్ 9

మారీశ్వరికి,

ఆగమన్నావు, ఆగాను. ఆగితే ఏమయిందో విను.

హాల్లో పాల్‌పాండి బల్ల పక్కన గోడకు రెండు మేకులు ఉన్నాయి. వాటికి రెండు చెక్క బిళ్ళలు. కక్కూసుకు పోవాలంటే అతన్ని అడిగి బిళ్ళ తీసుకోవాలి, తిరిగొచ్చి తగిలించాలి. యాభై రెండు మందికి రెండు బిళ్ళలు. బిళ్ళ ఉన్నా ఒక్కోసారి ఇవ్వడు, "ఇప్పుడేగా పోయినావు" అంటాడు. అందరూ వినేట్టు అంటాడు. అందుకే ఇక్కడ పొద్దున్నుంచి ఎవరూ నీళ్ళు తాగరు. నువ్వు వచ్చినప్పుడు ఆ బిళ్ళలు చూశావు. తాళంచెవులు అనుకున్నావేమో.

పోయిన నెల సుగన్యకు జ్వరం, నడుంనొప్పి, మూత్రంలో రక్తం. పెద్దాసుపత్రి డాక్టరమ్మ నీళ్ళు తాగనందుకు తిట్టింది. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు. దాంతో మేం ఆరుగురం ధైర్యం చేసి మొదలాళి గదికి పోయాం. బిళ్ళలు తీసెయ్యండి, అంతకంటే ఏమీ వద్దు అన్నాం. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా, అడిగాం. ఆయన కోపం చేసుకోలేదు. నవ్వుతూ బల్ల సొరుగులోంచి నీ రిపోర్టు తీశాడు.

"ఇది ఎవురు రాసింది? మీరే గదా. పని మధ్యలో కావాల్సినప్పుడు లేచి పోగలను అని ఉండాది, యాభై రెండు మందీ ఐదేసి ఉండారు. కాలేజీవాళ్ళు ముద్ర గుద్ది ఇచ్చినారు. ఇప్పుడొచ్చి లేదంటే నేను ఎవుర్ని నమ్మేది?"

మేం బల్లల దగ్గరికి తిరిగొచ్చాం. మర్నాడు దాన్ని అద్దం కట్టించి, సరిగ్గా ఆ రెండు బిళ్ళల పైన తగిలించాడు. బయటి ఊరి నుంచి సరుకు కొనేవాళ్ళు వస్తే ముందు దాన్నే చూపిస్తున్నాడు.

నాకు చదువు లేక తప్పు చేశాను. నీకు చదువు ఉండి, తప్పని తెలిసి, జూన్ దాకా ఉండమన్నావు. సుగన్య జూన్ దాకా ఆపుకోవాలా? నువ్వే వచ్చి ఆమెకు చెప్పు.

పొన్నుతాయి


విరుదునగర్
ఏప్రిల్ 15

చిన్నమ్మా,

చిన్నమ్మ అని కాకుండా పేరు రాసి ముగించావు. నాకది తగలాల్సిందే.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ ముప్పైలో నాలుగు వాక్యాలు తిరగేసి రాసినవి. "నా పైవాడంటే నాకు భయం", "ఉన్నది ఉన్నట్టు చెబితే పని పోతుందనిపిస్తుంది" లాంటివి. మనుషులు చదివి వేస్తున్నారా, చదవకుండా వేస్తున్నారా అని పట్టుకోవడానికే వాటిని పెడతారు. మేస్త్రి మర్యాదస్తుడు అన్నదానికి ఐదు వేసినవాళ్ళు, మేస్త్రి అంటే భయం అన్నదానికి కూడా ఐదు వేస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. మీరు ఆ నాలుగింటికీ ఐదే వేశారు. నేను చూశాను. మొదటి రోజే చూశాను.

మేడమ్‌కు చూపించాను. "చదువు రానివాళ్ళకు ఇలాంటి ప్రశ్నలు అర్థం కావు, అవి తీసేస్తే లెక్క శుభ్రంగా వస్తుంది" అన్నది. తీసేశాను. లెక్క శుభ్రంగా వచ్చింది. మీరు వేసిన నూట యాభై పైచిలుకు పేజీల్లో నిజమైన జవాబులు ఆ నాలుగేనని, వాటినే నా చేత్తో నేను తీసి పారేశానని ఇప్పుడు పడుకున్నా లేచినా గుర్తొస్తోంది.

నువ్వు తిట్టినందుకు కోపం లేదు. ఇంకోదానికి కోపం ఉంది. నిన్ను లేబుళ్ళ బల్ల నుంచి తీసేసి అగ్గిపుల్లల తలలకు మందు కలిపే గదిలో వేశారట కదా? మొదలాళి గదికి పోయిన మర్నాటి నుంచి. అమ్మ చెప్పింది. రెండు పేజీలు రాసినదానివి ఆ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?

మారి


కోవిల్‌పట్టి
ఏప్రిల్ 20

మారికి చిన్నమ్మ దీవెనలు.

నువ్వు నాలుగు ప్రశ్నలు దాచావు, నేను ఒక గది దాచాను. చెల్లుకు చెల్లు.

మందు గదిలో కళ్ళు మండుతాయి, అంతే. అక్కడ బిళ్ళ అడగనక్కర్లేదు, పాల్‌పాండి ఆ వాసనకు ఇటు రాడు. నేను ఏడుస్తానని పంపారు. ఏడుపు వస్తే నెపం మందు మీద పెట్టి తుడుచుకుంటున్నాను. నీకు రాస్తే, పాపం చిన్నమ్మ అని ఆ రిపోర్టు చించేస్తావేమోనని రాయలేదు. నా మీద జాలితో ఏమీ చెయ్యకు మారీ. జాలి పడ్డవాళ్ళు నాలుగు రోజుల్లో అలిసిపోతారు.

నీ ఉత్తరం సుబ్బులక్ష్మికీ సుగన్యకూ చదివి వినిపించాను. నువ్వు తిట్టినా సరే. "చదువు రానివాళ్ళకు అర్థం కాదు" అన్న చోట సుగన్య నాచేత మళ్ళీ చదివించింది. ఆ పిల్ల ప్లస్ టూ. సుబ్బులక్ష్మి ఇలా అన్నది:

"అట్లైతే మళ్ళా వచ్చి అడగమను. మార్కు ఎవురికో తెలిసినాక వేస్తాము గదా."

అదీ మాట. రా, మళ్ళీ అడుగు. ఆఫీసులో వద్దు. మా వీధి చివర రేషన్ కొట్టు అరుగు ఆదివారం ఖాళీగా ఉంటుంది. ఈసారి టీ మేం ఇస్తాం. ఆ నాలుగు ప్రశ్నలు మర్చిపోకుండా పట్టుకురా.

ఇందులో నీ పట్టం పోతుందని నాకు తెలుసు. తెలిసే రమ్మంటున్నాను. తర్వాత నన్ను తిట్టుకోవడానికి వీలుగా ఇది రాసి పెడుతున్నాను, దాచుకో.

చిన్నమ్మ


విరుదునగర్
మే 19

చిన్నమ్మకు మారి నమస్కారాలు.

రేషన్ కొట్టు అరుగు మీద మళ్ళీ అడిగిన ఆ ఆదివారం తర్వాత వారం రోజులు లెక్కల్లోనే ఉన్నాను. ముందు ఫలితం విను. నలభై ఏడు మంది వచ్చారు. "పని మధ్యలో కావాల్సినప్పుడు లేచి పోగలను" అన్నదానికి ఫిబ్రవరిలో అందరూ ఐదు వేశారు, ఇప్పుడు దాదాపు అందరూ ఒకటి. "నా పైవాడంటే నాకు భయం" అన్నదానికి అప్పుడూ ఐదే, ఇప్పుడూ ఐదే.

మొదటి రిపోర్టు తప్పని, ఆ తప్పు నాదని, ప్రశ్నలు ఎందుకు తీసేశానో కూడా చెబుతూ డిపార్ట్‌మెంటుకు రాసిచ్చాను. మీ మొదలాళికి రిజిస్టరు పోస్టులో పంపాను. అద్దం కట్టిన ఆ కాగితం ఇక చెల్లదని స్పష్టంగా రాశాను. మేడమ్ నాతో మాట్లాడటం మానేసింది. జూన్‌లో థీసిస్ ఇచ్చే మాట పోయింది. వచ్చే ఏడు కూడా అనుమానమే. హాస్టల్లో గది ఖాళీ చేయమన్నారు. ఇవన్నీ నేను ఎంచుకున్నవి, నువ్వు దాచుకోమన్న ఉత్తరం చూపించి నిన్ను తిట్టే పని లేదు.

ఇప్పుడు భయపడాల్సింది వేరే ఉంది. ఈ కాగితాలన్నీ నేనే గదిలో కూర్చుని నింపుకున్నానని మీ మొదలాళి కాలేజీకి రాశాడు. అది నిజమో కాదో తేల్చడానికి మేడమ్ ఆ కాగితాలు పట్టుకుని వచ్చే గురువారం మీ ఆఫీసుకు వస్తోంది. నన్ను గేటు లోపలికి రానివ్వరట. ఆ రోజు డబ్బాలోంచి తలా ఒక చీటీ తీసుకుని, దాని మీది నంబరే పేరు బదులు మీ కాగితం మీద వేశారు కదా. ఎప్పుడైనా తన కాగితం వెనక్కి కావాలనుకుంటే అడగడానికే ఆ నంబరు. ఏది ఎవరిదో నాకు కూడా తెలియదు. అలా తెలియకుండా ఉంటేనే మీకు రక్షణ, అది మా చదువులో మొదటి నియమం.

కాబట్టి ఎవరు అడిగినా ఎవరూ నంబరు చెప్పకండి. నేను అబద్ధాలకోరునని తేలితే తేలనీ. నాకు పోయేది ఒక పట్టం. మీకు పోయేది పని. ఈ ఒక్కసారి నా మాట విను చిన్నమ్మా.

నీ మారి


కోవిల్‌పట్టి
మే 26

మారీశ్వరికి చిన్నమ్మ పొన్నుతాయి అనేక దీవెనలు.

నీకు ఆత్రం ఎక్కువ కాబట్టి ముందు చివర జరిగింది చెబుతాను. నీ మాట మేం వినలేదు. బిళ్ళలు ఇంకా గోడకే ఉన్నాయి, కానీ శుక్రవారం నుంచి వాటిని ఎవరూ అడగడం లేదు. లేవాలనిపించినప్పుడు లేచి పోతున్నాం. పాల్‌పాండి ఆపడానికి లేస్తాడు, ఇంకో నలుగురు లేస్తారు, అతను కూర్చుంటాడు. నేను ఇంకా మందు గదిలోనే ఉన్నాను. సుగన్య బల్ల మీద నిండు నీళ్ళ సీసా పెట్టుకుంటోంది. ఇక పని తీసేస్తారా అంటే, ఏమో, నలభై మందిని ఒక్కసారి తీసేస్తే పెట్టెలు ఎవరు నింపుతారు?

గురువారం సంగతి. మధ్యాహ్నం మీ మేడమ్ వచ్చింది. మొదలాళి అందరినీ హాల్లో నిలబెట్టాడు, నన్ను కూడా పిలిపించాడు. ఎప్పుడూ తమిళంలో మాట్లాడేవాడు ఆ రోజు తెలుగులో మొదలుపెట్టాడు.

"అమ్మా, మనం ఒకింటి మనుషులం. ఎవురో పాప కాగితాలు రాసుకొచ్చి మీ పేరు చెప్తా ఉండాది. పేరు లేదు, ఊరు లేదు, వట్టి నంబర్లు. నేను ఒక్కొక్క నంబరు పిలుస్తాను. మీలో ఎవురన్నా రాసి ఉంటే చెప్పండి. భయపడాల్సింది ఏమీ లేదు."

ఆ చివరి మాట అంటూ పాల్‌పాండి వైపు చూశాడు. పాల్‌పాండి నోటుపుస్తకం తెరిచాడు. మేడమ్‌కు తెలుగు రాదు, సుగన్యే ముందుకు పోయి ఆమె పక్కన నిలబడి తమిళంలో చెబుతూ వచ్చింది.

ఒకటి అన్నాడు, ఎవరూ పలకలేదు. రెండు అన్నాడు, మూడు అన్నాడు. అలా పది దాకా పిలిచాడు. నీ మాట అందరికీ చెప్పి ఉంచాను, నంబరు చెప్పవద్దు అని. అందరూ నేల చూస్తున్నారు. మేడమ్ కాగితాలు సంచిలో పెట్టుకోబోయింది. మొదలాళి నవ్వి, ఆమెతో తమిళంలో, "చాలుగదా మేడమ్, ఎవురూ లేరు" అన్నాడు. నా నంబరు ముప్పై ఒకటి. అంతదాకా పిలవడని అర్థమైంది. నీ నియమం మంచిదే మారీ, కానీ అది నిన్ను అబద్ధం చేసి మమ్మల్ని కాపాడే నియమం. అలాంటి కాపుదల నాకు వద్దనిపించింది. నోరు తెరిచాను.

నేను తెరిచేలోపే నా పక్క నుంచి ఒక గొంతు వచ్చింది. ఎవరిదా అని నేనే తిరిగి చూశాను. సుబ్బులక్ష్మి. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది.

"పదిహేడు పిలవండి" అన్నది.

మొదలాళి పిలవలేదు.

"పిలవకపోతే పోనీ. పదిహేడు నేనే. నేనే రాసినాను, రేషన్ కొట్టు అరుగు మీద కూర్చోని రాసినాను."

తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అని నాకు గుర్తు లేదు. నాలుగు నేను, ఇరవై రెండు నేను, నలభై నేను అని ఒకరి మీద ఒకరు. చదవడం రాని ముసలమ్మ, "నాది ఎంతో మర్చిపోయినాను, కాని నేనూ వేసినాను" అన్నది. నా ముప్పై ఒకటి ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. రాసినవాళ్ళలో పలకనివాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళను ఏమీ అనవద్దు, ఒక్కొక్కరి ఇంటి సంగతి నాకు తెలుసు.

గోల తగ్గాక మీ మేడమ్ సంచిలోంచి కాగితాలు మళ్ళీ తీసింది. వెతికి పదిహేడు నంబరుది బయటపెట్టి, సుబ్బులక్ష్మి దగ్గరికే వచ్చి తమిళంలో అడిగింది. మీ పైవాడంటే భయం అన్నదానికి ఐదు వేశారు, ఇది మీ చేతి అంకేనా అని. పాల్‌పాండి రెండు అడుగుల దూరంలో నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సుబ్బులక్ష్మి అతన్ని చూసింది, కాగితాన్ని చూసింది. మనం బయట ఎప్పుడూ తమిళమే కదా, మేడమ్‌కు కూడా తమిళమే చెప్పాలి, కానీ ఆమె మన తెలుగులోనే చెప్పింది.

"నాదే. ఆ పొద్దు ఐదు. ఈ పొద్దు అడిగితే రెండు. దిద్దుకోండి."

సుగన్య తమిళంలో చెప్పింది. మేడమ్ పెన్ను తీసి ఐదు కొట్టేసి, పక్కన రెండు వేసి, కింద సంతకం పెట్టింది.

చిన్నమ్మ